కాగితాలు లేని డాక్టరు

అతను బ్రేకు ఇన్‌స్పెక్టరు. రోడ్డు మీద లారీని ఆపినా, ఇంట్లో కుళాయి బాగుచెయ్యడానికి మనిషి వచ్చినా, అతని నోట్లోంచి ముందు ఊడిపడే మాట ఒక్కటే.

"కాగితాలేవి?"

"పెళ్లిలో నన్ను అడగలేదు, అదే నా అదృష్టం" అని భార్య ఎగతాళి చేసేది.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆ మాటే మర్చిపోయి, కూతుర్ని చేతుల మీద మోసుకుంటూ ఆస్పత్రి ఎమర్జెన్సీ వార్డులోకి పరుగెత్తుకొచ్చాడు. స్కూటరు జారి పడింది అమ్మాయి. హ్యాండిలు పక్కటెముకలకు గట్టిగా కొట్టుకుంది.

"డాక్టరేరీ?"

"లోపల ఒకాయనకి గుండె ఆగిందండీ. డాక్టరమ్మ అక్కడున్నారు, వచ్చేస్తారు" అంది నర్సు, అమ్మాయిని మంచం మీద పడుకోబెట్టి ఆక్సిజన్ పెడుతూ.

"అంటే, నా కూతురిది ప్రాణం కాదా?"

"నాన్నా... ఊపిరాడట్లేదు" అంది కూతురు. ఆ తర్వాత ఆ పాటి మాట కూడా రాలేదు. పెదాలు నీలంగా మారాయి.

గోడవార బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం, కాళ్లకు రబ్బరు చెప్పులు. పక్కింటి ముసలావిడ కాలు విరిగితే తీసుకొచ్చి, ఆవిడకు ఎక్స్‌రే అయ్యేదాకా కాచుకున్నాడు. ఎవరి వైపూ చూడనని ఒట్టు పెట్టుకున్నవాడిలా నేలచూపులు చూస్తున్నాడు.

అమ్మాయి ఎగశ్వాస వినిపించగానే తలెత్తాడు. లేచి వచ్చాడు.

ఉబ్బిన మెడ నరాలు చూశాడు. ఛాతీకి చెవి ఆనించి విన్నాడు, ఇటొకసారి, అటొకసారి.

"ఉన్నవాటిల్లో లావుపాటి సూది ఇవ్వమ్మా."

నర్సు మొహం పాలిపోయింది. "వద్దండీ! మీరు ముట్టుకోకూడదు. డాక్టరమ్మ వచ్చేస్తారు."

"ఆవిడొచ్చేదాకా ఈ పిల్ల ఆగదు."

నర్సు లోపలి గది వైపు ఒకసారి చూసింది. సూది ఇచ్చింది.

"ఏయ్, ఏయ్!" అని ఇన్‌స్పెక్టరు అడ్డం వచ్చేలోపే సూది ఛాతీలోకి దిగిపోయింది. సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు బుస్సుమంది.

అమ్మాయి గుండెలనిండా ఊపిరి పీల్చింది. పెదాలకు మెల్లగా రంగు తిరిగింది.

అదేదీ తండ్రి కంటికి ఆనలేదు. దారినపోయేవాడెవడో తన కన్నకూతురి ఛాతీలో దబ్బనమంత సూది దించాడు. అదొక్కటే కనిపించింది. ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆ మనిషి చొక్కా పట్టుకున్నాడు.

"ఎవడివి నువ్వు? డాక్టరువా?"

ఆ మనిషి ముందు సూదిని నర్సు చేతికి అప్పగించాడు.

"ఏం చదివావు? ఎక్కడ చదివావు? రిజిస్ట్రేషన్ ఉందా? కాగితాలేవి?"

"ఇప్పుడు లేవండీ."

"లేవా! లైసెన్సు లేకుండా బండి తోలితేనే ఊరుకోను నేను. లైసెన్సు లేకుండా మనిషిని పొడుస్తావా?"

"సార్, ఒక్క మాట వినండి" అంది నర్సు.

"నువ్వు నోర్ముయ్! వద్దు వద్దంటూనే సూది అందించావు. నీ పనీ చెప్తా."

ఫోను తీశాడు. వీడియో మొదలుపెట్టాడు.

"చూడండి జనాలారా! పట్టపగలు, పెద్దాస్పత్రిలో, దొంగ డాక్టరు! మొహమెత్తరా!"

ఆ మనిషి మొహమెత్తాడు.

"నర్సమ్మదేం తప్పులేదు. చేసింది నేనే" అన్నాడు ఫోనులోకి సూటిగా చూస్తూ.

ఇన్‌స్పెక్టరుకు ఏ ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో ఒకరు చెప్పనక్కర్లేదు. అక్కడ నిలబడే ఆ వీడియోను మెడికల్ కౌన్సిల్‌కు పంపేశాడు.

"వీణ్ణి బయటికి గెంటండి!" అని అరిచాడు.

వాచ్‌మన్ వచ్చాడు కానీ చెయ్యి వెయ్యడానికి వెనకాడాడు. ఆ మనిషే అతని భుజం తట్టి, తలుపు దాకా నడిచి, వెనక్కి తిరిగాడు.

"సూది కదలనివ్వకమ్మా. గొట్టం వెయ్యాలని డాక్టరమ్మకి చెప్పు. మా ముసలావిణ్ణి కాస్త చూసుకో."

కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. అమ్మాయి ఛాతీలోకి గొట్టం వేసింది. అమ్మాయి కళ్లు తెరిచాక అడిగింది.

"ఈ సూది ఎవరు పెట్టారు?"

"ఎవడో దొంగ వెధవండీ. పట్టుకున్నాను. కౌన్సిల్‌కి వీడియో కూడా పంపించేశాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు ఛాతీ విరుచుకుని.

నర్సు డాక్టరమ్మ చెవిలో ఏదో చెప్పి, మొహం తిప్పుకుని ఏడ్చింది.

"మీ అమ్మాయి ఊపిరితిత్తికి చిల్లు పడింది" అంది డాక్టరమ్మ. "లోపల చేరిన గాలి గుండెను నొక్కేసింది. ఆ సూది పడకపోతే, నేను వచ్చి చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదు."

ఇన్‌స్పెక్టరు మంచం మీదున్న కూతురి వైపు చూశాడు.

"మరి... కాగితాలు లేవన్నాడు?"

"ఎందుకుంటాయి? మీలాంటివాళ్లే లాక్కున్నారు!" డాక్టరమ్మ గొంతు లేచింది. "జ్వరమొచ్చిన పెద్దమనిషిని కూర్చోబెట్టి, రక్తమోడుతున్న కూలీని ముందు చూశారు. అదీ ఆయన చేసిన నేరం! పెద్దమనిషి ఫిర్యాదు చేశాడు. కౌన్సిల్‌వాళ్లు మూడు నెలలు రోగి మీద చెయ్యి వెయ్యొద్దన్నారు. వేస్తే ఇక జన్మలో డాక్టరు కాదన్నారు. ఆయన ఈ వార్డుకి పెద్ద డాక్టరండీ!"

ఇన్‌స్పెక్టరు గబగబా ఫోను తీశాడు. కౌన్సిల్ నుంచి జవాబు అప్పటికే వచ్చి ఉంది. ఫిర్యాదు అందిందట. వెంటనే చర్య తీసుకుంటారట. సహకరించినందుకు కృతజ్ఞతలట.

"ఆ మూడు నెలల్లో... ఇంకా ఎన్నాళ్లు మిగిలాయమ్మా?" అన్నాడు.

డాక్టరమ్మ తలుపు వైపు చూసింది.

"ఇవాళ్టితో అయిపోయేవి. రేపు పొద్దున్న ఇక్కడ డ్యూటీ ఆయనదే" అంది.