కొలబద్ద మీది అంకె

"అమ్మాయ్, ఆ కొలబద్ద మీద నీళ్లు ఎంత దాకా ఉన్నాయో కాస్త చూసి చెప్పవా?"

పొద్దున్న ఆరు గంటలు. నది ఒడ్డున ఉన్న మగంగే ఊరి రేవుకు చేపల పడవలు అప్పుడే చేరుతున్నాయి.

అడిగింది చేపలు కోసే ముసలావిడ. చేతిలో కత్తి, ఒళ్లో ఒక నోటుబుక్కు.

దార్లేనిస్‌కు ఒళ్లు మండింది.

ఆమెది యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం. నది మట్టానికీ చేపల రాకకీ ఉన్న సంబంధం మీద థీసిస్ రాస్తోంది. నెలాఖరులోగా దాని మీద ప్రొఫెసర్ సంతకం పడకపోతే ఏడాది పోతుంది. పడవలు ఖాళీ అయ్యేలోపు చేపలు లెక్కపెట్టుకోవాలి. మధ్యలో ఈ గోల.

"చెప్పు పాపా, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు పడవవాడు.

తప్పక కొలబద్ద ఉన్న రేవు స్తంభం దాకా వెళ్లి చూసింది.

"మూడు వందల నలభై సెంటీమీటర్లు."

"లాంచీ పోయింది కదా, అల ఆగాకే చూశావా?"

"ఆగాకే చూశాను అవ్వా."

ముసలావిడ ముక్కు కాగితానికి తగిలేంత వంగి, పెద్ద పెద్ద అంకెలు వేసుకుంది.

మర్నాడూ అడిగింది. ఈసారి దార్లేనిస్ తల కూడా తిప్పలేదు.

"మూడు వందల నలభై నాలుగు."

"పెరిగిందా?"

"పెరిగింది."

"చూసే చెబుతున్నావా తల్లీ?"

"యూనివర్సిటీలో చదువుతున్నాను. నాకు అంకెలు రావా?"

"అదీ నిజమేలే" అని ముసలావిడ నవ్వింది.

అలా పది రోజులు గడిచాయి. దార్లేనిస్ రోజూ నిన్నటి అంకెకు రెండో మూడో కలిపి చెప్పేసేది. చేపలు కోసుకునే మనిషికి నది లెక్కలతో పనేమిటి? తనకు కావలసిన నీటిమట్టం నది కొలతల ఆఫీసులో సిద్ధంగా దొరుకుతుంది. అక్కడ అన్నీ మిషన్లే రాస్తాయని ఆమె నమ్మకం.

పదో రోజు ముసలావిడ అడిగింది.

"నీ పేరేంటమ్మా?"

"నా పేరుతో నీకేం పనవ్వా?" అంటూనే దార్లేనిస్ తర్వాతి పడవ దగ్గరికి పరుగెత్తింది.

ఆ మర్నాటి నుంచి ముసలావిడ కనిపించలేదు. పీడ వదిలిందనుకుంది.

గడువుకు రెండు రోజుల ముందు ప్రొఫెసర్ ఓదిలియా థీసిస్ తిరగేస్తూ ఒక పట్టిక దగ్గర ఆగిపోయింది.

"ఫిబ్రవరిలో నది పెరిగిందా?"

"ఆఫీసువాళ్లు ఇచ్చిన అంకెలే మేడమ్."

"నీళ్లు దిగితేనే కదా బొకాచికో చేప పక్క చెరువుల్లోంచి నదిలోకి ఎక్కేది? నీ పడవల నిండా చేపలున్నాయి. నీ నదేమో రోజూ పెరుగుతోంది. రెంటిలో ఏదో ఒకటి అబద్ధం."

దార్లేనిస్ తన లెక్కల పుస్తకం తీసి ముందు పెట్టింది.

"చేపలు నేనే లెక్కపెట్టాను మేడమ్. ఒక్కటి కూడా తప్పు లేదు."

"మరి నదిని ఎవరు చూశారు?"

"ఆఫీసు..."

"ఆఫీసుకు కళ్లుంటాయా? మొదటి క్లాసులో ఏం చెప్పాను?"

"ప్రతి అంకె వెనకా ఒక మనిషి ఉంటారు, వాళ్ల పేరు రాయమన్నారు."

"ఆ పేరు పట్టుకురా. మన లైబ్రరీలో ఈ నది మీద ఉన్న థీసిస్‌లన్నీ ఆ అంకెల మీదే నిలబడ్డాయి, నాది కూడా. తప్పెక్కడుందో తేలాకే సంతకం."

మోటార్‌సైకిల్ టాక్సీ ఎక్కి నది కొలతల ఆఫీసుకు బయల్దేరింది. ఏడాది చదువు ఎవరి మూలానో మట్టికొట్టుకుపోతోంది. ఎవడో కళ్లులేనివాడు చదివి ఉంటాడని దారి పొడుగునా తిట్టుకుంది.

నది కొలతల ఆఫీసులో గుమాస్తా ఆమె చెప్పింది విని తల అడ్డంగా ఊపాడు.

"తప్పా? ఆ చేతి రాతలో తప్పు పడదమ్మా. ముప్పై రెండేళ్లుగా చూస్తున్నాను. జ్వరమొచ్చినా, వరదొచ్చినా పొద్దున్న ఆరింటికి అంకె పడాల్సిందే."

"మిషన్ కాదా?"

"మిషనా? మనిషే. జీతం కూడా లేదు, ఏదో చిల్లర ఇస్తాం."

"ఆ మనిషితో ఒకసారి మాట్లాడాలి."

"ఇంకెక్కడ? కంటి ఆపరేషన్ అని పిల్లలు బర్రాంకియా నగరానికి తీసుకుపోయారు. ఇక ఈ ఊరికి రానివ్వరట."

గుమాస్తా లోపలికి వెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చాడు.

"మీకిచ్చిన కాగితంలో అంకెలే ఉంటాయి. ఇది అసలు పుస్తకం. మీరే చూసుకోండి."

ఫిబ్రవరి పేజీ తెరిచింది. మధ్యలో ఎండిన చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది.

మూడు వందల నలభై. మూడు వందల నలభై నాలుగు. మూడు వందల నలభై ఆరు.

దార్లేనిస్ అక్కడితో ఆపింది. తర్వాతి అంకెలు చదవక్కర్లేకపోయింది. అవి ఆమెకు కంఠతా వచ్చు.

"ఈ పది రోజులవీ మళ్లీ కొలవడానికి వీలవుతుందా?" అని అడిగింది.

"పోయిన నీళ్లను ఎక్కడ కొలుస్తామమ్మా?" అని గుమాస్తా పేజీ చివరి గడి మీద వేలు పెట్టాడు. "ఇది చదివారా? ఆవిడ పద్ధతే అంత. తను చూడనిది చూశానని చచ్చినా రాయదు."

ఆ గడిలో పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "ఈ పది అంకెలూ నేను చదవలేదు, నా చూపు ఆనడం లేదు, యూనివర్సిటీ అమ్మాయి చూసి చెప్పింది, నమ్మదగిన పిల్ల, పేరు కనుక్కుని రాస్తాను. ఇట్లు ఉబాల్దినా కార్కమో, చేపల రేవు, నది పరిశీలకురాలు."