నిన్నటి రక్తం

"నిన్న పన్నెండు, ఇవాళ ఆరు! నాన్నకి సగానికి సగం తగ్గిందక్కా. మందు ఆపేద్దామంటున్నారు డాక్టరుగారు," అన్నాడు తమ్ముడు, ల్యాబు గుమ్మంలోంచి.

రక్తంలో ఇన్ఫెక్షన్ ఎంతుందో చెప్పే ఆ పరీక్ష చేసింది అక్కే. అయినా ఆమెకి కాలు నిలవడం లేదు.

"శుభమా అని తగ్గితే, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి?"

"పొద్దున మిషన్ మార్చార్రా. పాతదాని లెక్కా దీని లెక్కా ఒకటేనా అని ఎవరూ చూళ్ళేదు."

ఫ్రిజ్‌లో మిగిలి ఉన్న నాన్న నిన్నటి రక్తాన్ని తీసి, కొత్త మిషన్‌లో పెట్టింది. తమ్ముడు అప్పుడే అమ్మకి ఫోన్ కలిపి నవ్వుతూ చెబుతున్నాడు.

తెర మీద అంకె వెలిగింది.

"ఫోన్ పెట్టేయ్‌రా," అంటూ అక్క వార్డు వైపు పరుగెత్తింది. "నిన్న మూడు, ఇవాళ ఆరు."