గొంతు పోయిన మైలపెట్ట

కాలితో మట్టి గీరినప్పుడు చెదపురుగులు కనబడితే, కోడిపెట్ట పిల్లల్ని పిలవకుండా ఉంటుందా? ఆ దొడ్లో మూడు పిల్లలకోళ్ళూ ఒక్కసారే పిలిచేవి. ఏ గొంతు తమ తల్లిదో తెలియక పిల్లలు గింగిరాలు తిరిగేవి. అందర్నీ మించాలని వాటిలో బూడిదరంగు మైలపెట్ట అరిచి అరిచి, చివరికి గొంతు పోగొట్టుకుంది.

చేసేదిలేక, మిగతా రెండూ ఊపిరి తీసుకునే సందు చూసి, చిన్నగా "క్రొక్" అంది. దాని పిల్లలన్నీ బిలబిలా వచ్చేశాయి! ఇదేదో బాగుందే అనుకుని, గొంతు బాగుపడ్డాక కూడా సందు చూసుకునే పిలిచింది.

"ఏం మందు పెట్టావే వదినా?" అంది నల్లపెట్ట కుళ్ళుకుంటూ.

"మీ నోళ్ళు మూతపడేదాకా ఆగుతున్నానమ్మా, అంతే!"

అవీ ఆగి చూశాయి. అరిచినప్పుడు రాని పిల్లలు ఆగినప్పుడు వచ్చాయి. ఎవరూ పెట్టకుండానే వంతులు కుదిరిపోయాయి.

ఓ పూట దొడ్లో గద్ద నీడ పడింది. ఇదివరకైతే గోలలో కలిసిపోయే మైలపెట్ట కేక ఈసారి మూలమూలకీ వినబడింది. పిల్లలన్నీ రెక్కల కిందికి దూరాయి. గద్ద ఉత్తకాళ్ళతో ఎగిరిపోయింది.

గడ్డివాము వెనక దాక్కున్న పుంజు బయటికొచ్చి, రొమ్ము విరుచుకుని, "చూశారా నా అజమాయిషీ!" అంది.

పెట్టలు మూడూ వంతులు మరిచిపోయి ఒక్కసారే నవ్వాయి.