గానుగెద్దు తిన్నని నడక

పదేళ్ళు నూనెగానుగ తిప్పిన ఎద్దును ఒక రైతు కొని, కోడెకు జోడుగా నాగలికి కట్టాడు. నాలుగడుగులు వేశాయో లేదో ముసలి ఎద్దు ఎడమకు తిరిగిపోయింది. కాడి కింద మెడ మెలిపడి కోడెకు ఒళ్ళు మండింది.

"తిన్నగా నడవడం రాదా మామా? ఇన్నేళ్ళూ గుండ్రంగా తిరుగుతున్నావని నీకు తెలియనే లేదా?"

"కళ్ళకు గంతలు కట్టేవాళ్ళురా. తిన్నగానే పోతున్నాననుకున్నాను."

ఆ రోజు వేసిన చాళ్ళన్నీ వంకరే. మూడు రోజుల్లో దారికి రాకపోతే సంతకు తోలేస్తానన్నాడు రైతు.

సాయంత్రం కాడి దించగానే కోడె గడ్డివాము దగ్గరికి పోయింది. ముసలి ఎద్దు మాత్రం పక్క మడి గట్టెక్కింది. గట్టు వెడల్పు మూరెడే. కాస్త తిరిగినా బురదలో పడాల్సిందే. పది అడుగులకే పడింది. లేచి మళ్ళీ ఎక్కింది.

"ఈ వయసులో ఎందుకీ పాట్లు? నీ కాళ్ళకు వచ్చింది ఆ తిరుగుడే," అంది మడిలో పురుగులు ఏరుకుంటున్న కొంగ.

"అందుకే కాళ్ళ మాట వినడం మానేశాను. ఇప్పుడు నాకు కళ్ళున్నాయి," అంది ఎద్దు, గట్టు చివరి తుమ్మచెట్టు మీది నుంచి చూపు తిప్పకుండా.

రెండు సాయంత్రాలు పడుతూ లేస్తూనే ఉంది. మూడో రోజు చాలు గీత గీసినట్టు పొలం ఆ చివరిదాకా పోయింది. అక్కడ ముసలి ఎద్దు ఆగి, వెనక్కి చూసింది.

"ఇంకేం చూస్తావు మామా, పద," అంది కోడె.

"ఆగరా. బయలుదేరిన చోటు ఇంత దూరాన కనిపించడం నాకిదే మొదలు."