వెంట ఎవరొచ్చారు?

"వెంట ఎవరొచ్చారు?"

స్ట్రెచర్ ఇంకా ఆగనేలేదు, నర్సు అడిగిన మొదటి మాట అది.

"ఎవరూ లేరు" అన్నాడు పెద్దసారు, గుండె పట్టుకుని.

పెద్దసారంటే ఆషామాషీ సారు కాదు. ఈ ఆసుపత్రితో కలిపి పన్నెండు ఆసుపత్రులకు డైరెక్టరు. అయితేనేం, ఎమర్జెన్సీలో ఏనాడూ అడుగుపెట్టిన పాపాన పోలేదు. అన్నీ కాగితాల మీదే చూసేవాడు. మధ్యాహ్నం రోడ్డుపక్కన కూలబడితే, దారినపోయేవాళ్లెవరో కారులో వేసి తెచ్చి దించి వెళ్లిపోయారు. ఇక్కడ ఆయన ముఖం ఎరిగినవాళ్లే లేరు.

సూది పడింది. మిషన్ కూత మొదలైంది.

"ఇరవై నిమిషాల్లో లోపలికి తీసుకెళ్తాం" అని డాక్టరు ఇంకో మంచం దగ్గరికి పరుగెత్తాడు.

ఇరవై నిమిషాలు! మీటింగుల్లో ఆ అంకె చూపించి ఎన్నిసార్లు చప్పట్లు కొట్టించుకున్నాడో! పడుకుని చూస్తే ఎంతకీ తెమలవే!

పక్క మంచం మీదాయనకు కొడుకు కాళ్లు రాస్తున్నాడు. ఎదురుగా ముసలమ్మను మనవరాలు కసురుకుంటోంది. పెద్దసారుకి కసురుకునే దిక్కు కూడా లేదు. భార్య పోయి నాలుగేళ్లు. ఫోన్లో వెయ్యి నంబర్లున్నాయి, 'రా' అని పిలవడానికి ఒక్కటీ లేదు.

చావంటే కాదు, ఇలా ఎవరికీ పట్టకుండా చావాలంటే భయమేసింది ఆయనకి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏం అన్నయ్యా, చెయ్యి ఇంత చల్లబడిందేం?"

ఎవరో యాభై ఏళ్లావిడ. స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఎవరైతేనేం లెండి. వదినేదీ?"

"పోయింది."

"అయ్యో! నేనున్నాగా అన్నయ్యా. అదిగో, ఆ మిషన్ కూతలు పట్టించుకోకండి. దానికి నోరెక్కువ, బుద్ధి తక్కువ."

అంత నొప్పిలోనూ ఆయనకు నవ్వొచ్చింది.

"నేను పోతే..."

"నన్నిలా కూర్చోబెట్టి మీరెక్కడికి పోతారు? మర్యాదేనా?"

ఆపరేషన్ గది గుమ్మందాకా ఆమె చెయ్యి వదల్లేదు. "బయటే ఉంటాను" అంది.

బతికి బట్టకట్టాడు. మర్నాటికి ఆయనెవరో అందరికీ తెలిసిపోయింది. గదినిండా పూలగుత్తులు, మెడలో టైలు, వంగిన నడుములు. వాళ్లలో ఒక్కరైనా స్టూలు లాక్కుని కూర్చోలేదు.

అందరినీ పంపేసి, పెద్ద నర్సును పిలిచాడు.

"నిన్న నా పక్కన కూర్చున్నావిడేదీ?"

"మీకు గండం గడిచిందని విన్నాకే కదిలింది సార్. పొద్దున్నే ఊరొదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది."

"ఎలాగైనా పిలిపించండి. ఉద్యోగం ఇద్దాం. ఇంకే పనీ చెప్పొద్దు. ఒంటరిగా వచ్చినవాళ్ల పక్కన అలా కూర్చుంటే చాలు. కొత్త పోస్టు. రాసుకోండి."

నర్సు కలం తియ్యలేదు. తలొంచుకుంది.

"ఏమైంది?"

"తన ఐడీ కార్డు తిరిగిచ్చేద్దామనే నిన్న వచ్చింది సార్. మీ వెంట ఎవరూ లేరని విని ఆగిపోయింది. పదకొండేళ్లు ఆమె ఇక్కడ చేసిన ఉద్యోగం అదే... కూర్చోవడం తప్ప పనేమీ లేదని పోయిన నెల ఆ పోస్టు తీసేసింది మీరే."