కొచ్చిలో దిగొద్దు

"మళ్లా బుక్ చేసిందయ్యా!" వసంతమ్మ ఫోన్ పట్టుకొని ఇంట్లోంచి దుకాణంలోకి ఉరికొచ్చింది.

తాండూరు బజారులో కందిపప్పు దుకాణం వాళ్లది. రాజేశం కాంటా మీద నుంచి తల కూడా ఎత్తలేదు. "ఎవరే? ఏం బుక్ చేసిన్రు?"

"ఎవరేంది, నీ బిడ్డ! గోవాల దిగి ఊరు చూస్తనంటే నేను రద్దు చేసిన. ఇప్పుడు కొచ్చి అంట. రేపు పొద్దుగాల ఓడ దిగి, బస్సెక్కి, మళ్లా చిన్న పడవల తిప్పుతరంట. పడవ, అయ్యా, పడవ!"

"సముద్రం మీద తిరిగే పిల్లకు పడవంటే భయమా? అనంతగిరి గుట్టకు పోయిన నాడు బస్సు బ్రేకులు పట్టయని, చెప్పులు చేతుల పట్టుకొని కూసున్నది నువ్వే గదా."

"నవ్వు. ఏమన్న అయినంక ఇద్దరం కలిసి ఏడుద్దాం."

ఏడాది కింద సాహిత్యను వికారాబాద్ కౌశిక్‌కిచ్చి పెళ్లి చేశారు. మొదటి పెళ్లిరోజని అల్లుడే ముంబై నుంచి గోవా, కొచ్చి చూసొచ్చే పెద్ద ఓడకు టికెట్లు తీశాడు. ఆ వారమే సాహిత్య ఫోన్ మెట్ల మీద పడి పగిలిపోయింది. వికారాబాద్ ట్రావెల్స్ వాళ్లు నంబరు అడిగితే తల్లి నంబరే ఇచ్చింది. అందుకే ఓడ కౌంటర్లో సాహిత్య ఏ టూరు రాయించుకున్నా ఇక్కడ వసంతమ్మ ఫోన్ మోగుతుంది. మెసేజ్ కింద ఉంచు, రద్దు అని ఉంటాయి. ఏదో ఒకటి నొక్కాలి. టూరు రాయించుకోని వాళ్లను ఆ ఓడ మెట్లు దిగనివ్వరు. వసంతమ్మకు కావలసిందీ అదే.

ఓడంటే పెద్దది. అందులో డాక్టరుంటాడు, పక్కన మొగుడుంటాడు. దిగితేనే గండం. ఎక్కడన్నా తప్పిపోతే? ఆలస్యమైన వాళ్ల కోసం ఓడ ఆగదని మెసేజ్‌లోనే రాశారాయె. గోవా రద్దు చేసిన సాయంత్రం కౌశికే వీడియో కాల్ చేసి పిల్లను చూపించాడు. పక్కనే నవ్వుతూ కూర్చున్నాడు. ఏసీ చలికో ఏమో, సాహిత్య నిండు చేతుల డ్రెస్సు వేసుకొని, చున్నీ మెడకు చుట్టుకుంది. ఓడలో ఉన్నది గదా అని ఆ రోజు వసంతమ్మ కంటినిండా నిద్రపోయింది.

"ఇద్దరికి రాయించిందా?" అన్నాడు రాజేశం.

వసంతమ్మ మళ్లీ చూసింది. "ఒక్కరికే అని ఉంది."

అప్పుడు ఎత్తాడు ఆయన తల.

ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ మోగింది. వసంతమ్మ లోపలికి పోయి ఎత్తింది.

"అమ్మా, నేను. కౌంటర్ కాడి ఫోన్ నుంచి చేస్తున్న. జల్ది విను. కొచ్చి టూరు రద్దు చెయ్యకు."

"ఒక్కదానివే యాడికి పోతవ్ బిడ్డా? కౌశిక్ రాడా?"

"ఆయన లేవకముందే దిగుత. ఆయనకు చెప్పకు."

"మొగనికి చెప్పకుంట ఓడ దిగుతవా? గక్కడ నీకెవరున్నరే?"

"దిగినంక అన్నీ చెప్త. ఇప్పుడు చెప్తే నువ్వు ఆయనకే ఫోన్ చేస్తవ్. ఈ ఒక్కసారి నన్ను నమ్మమ్మా."

ఫోన్ పెట్టేసింది. వసంతమ్మ కాసేపు దేవుని పటం ముందు నిలబడింది. నమ్మాలనే అనుకుంది. కానీ భయం ఆమెను నమ్మనిచ్చిందెప్పుడు? కౌశిక్‌కు ఫోన్ కలిపింది.

"చెప్పున్రి అత్తమ్మా, తిన్నరా?" ఎప్పుడు మాట్లాడినా ఆ పిల్లవాడు ముందు అడిగేది అదే.

"సాహిత్య కొచ్చిల దిగుతదట బాబూ. నీకెరికేనా?"

"దిగుతనన్నదా? నాతోని అనలే." గొంతు తగ్గించాడు. "మీతోని చెప్పొద్దనుకున్న అత్తమ్మా. మస్తు రోజుల సంది చాటుంగ ఎవరితోనో మాట్లాడుతున్నది. ఫోన్ పగిలినంక బందైందనుకున్న. మామయ్యకు చెప్పకున్రి, పరేషాన్ అయితడు. మీరు టూరు రద్దు చెయ్యున్రి. తక్కినది నేను చూసుకుంట."

వసంతమ్మ అక్కడే కూలబడింది. పడవ మునగడం తలుచుకుంది, దొంగలను తలుచుకుంది, దారి తప్పడం తలుచుకుంది. ఇది మాత్రం ఆమె భయాలకు కూడా తట్టలేదు. నీళ్లల్ల పడ్డ పిల్లనన్న తీస్తరు, జనం నోళ్లల్ల పడ్డదాన్ని ఎవరు తీస్తరు? వికారాబాద్‌లో రైలెక్కిన మాట ధారూర్ స్టేషన్ దాటకముందే తాండూరు చేరుతుంది. మొగుడు ఇంత మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇంకొకడైతే రోడ్డు మీద పెట్టేవాడు.

రద్దు నొక్కింది.

తెల్లారింది. ఓడ కొచ్చి చేరినట్టు మెసేజ్ వచ్చింది. వసంతమ్మ ఆగలేక అల్లుడికి చేసింది.

"రూంలనే ఉన్నది అత్తమ్మా. పొద్దుగాల జర లొల్లి చేసింది, ఏడ్చింది. ఇప్పుడు సప్పుడు లేదు."

"ఒక్కసారి ఇయ్యి బాబూ, మాట్లాడుత."

"పండనియ్యున్రి. నేనే చేయిస్త."

"నూరేండ్లు బతుకు నాయినా." రాత్రి నుంచి ముద్ద దిగని వసంతమ్మ అప్పుడు కూర్చొని ఇంత అన్నం తిన్నది.

మధ్యాహ్నం నిరోషా ఫోన్ చేసింది. వాళ్ల గల్లీ పిల్లే. సాహిత్యతో కలిసి చదువుకొని, ఇప్పుడు కొచ్చిలో నౌకరీ చేస్తోంది.

"ఆంటీ, సాహిత్య మీకేమన్న ఫోన్ చేసిందా? పొద్దటి సంది ఓడరేవు గేటు కాడనే నిలబడ్డ. దిగినోళ్లందరు మళ్లా ఎక్కుతున్నరు. అది దిగనే లేదు."

వసంతమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "నువ్వానే! చాటుంగ మాట్లాడేది నీతోనా! నేను ఏమేమో అనుకొని సచ్చిన గదనే!" నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "దోస్తును చూసేటందుకు గింత దొంగతనమెందుకే? టూరు నేనే రద్దు చేసిన. నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. రూంల భద్రంగ ఉన్నది. కౌశిక్ పక్కనే ఉన్నడు."

ఫోన్లో ఓడ కూత వినిపించింది.

"అది తప్పించుకొస్తనన్నది ఆయన కాడి నుంచే, ఆంటీ."