వైరస్‌కి చుక్కల కోటు

"నా కత్తెర కిందికొచ్చిన గుడ్డ జానెడు కాదు కదా, దారప్పోగు కూడా దారి తప్పదు సిస్టర్. ఈ వీధిలో ఎవర్నైనా అడగండి!" టైలర్ మాస్టారు గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పాడు.

సరిగ్గా అప్పుడే మూలనున్న పరదా తొలగించుకుని క్లినిక్ డ్రైవర్ బయటికొచ్చాడు. ఒంటి మీద తెల్లకోటు. కోటు నిండా ఊదారంగు చుక్కలు.

నర్సు అతన్ని చూసింది. తర్వాత తను వేసుకున్న కోటు చూసుకుంది. అదే తెలుపు, అవే చుక్కలు.

"మాస్టారూ, నాటకంలో నేను తెల్లకణాన్ని. వీడు హెచ్ఐవీ వైరస్. నాకు చుక్కల గుడ్డ, వీడికి ఎర్రగుడ్డ ఇచ్చానా లేదా?"

"ఇచ్చారు."

"మరి వీడేంటి, నా కవల తమ్ముడిలా ఉన్నాడు?"

డ్రైవర్ అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. "బాగానే ఉంది కదక్కా."

"నువ్వూరుకో. వైరస్‌వి, వైరస్‌లా ఉండు. అందుకేనా మాస్టారూ, నా కోటు ఊపిరాడకుండా ఉంది? నా గుడ్డలో కోసి వీడికి కుట్టారా? ఎర్రగుడ్డ ఏమైంది?"

మాస్టారి నోరు ఎంతగా ఎండిపోయిందంటే అందులో తడిబట్టలు ఆరేసుకోవచ్చు. సాయంత్రం ఫ్యాక్టరీ ఆవరణలో నాటకం. అది చూసైనా అక్కడివాళ్ళు భయం మాని రక్తపరీక్షకి వస్తారని నర్సు ఆశ. వేషాలు కుదిరితే క్లినిక్ మొత్తానికి యూనిఫాంలు కుట్టే పని తనకే వస్తుందని మాస్టారి ఆశ. కుదరకపోతే ఆ పని ఎదురు షాపువాడికి పోతుంది. వాడు కుట్టిన ప్యాంటు జేబులో చెయ్యి పెడితే పాదం తగులుతుందని ఊరంతా చెప్పి తిరిగింది మాస్టారే మరి.

ఆయన బుర్ర కుట్టుమిషన్‌లా టకటకా తిరిగింది. ఇస్త్రీలో కాలిపోయిందనాలా? ఎలుకలు కొట్టేశాయనాలా? కంగారులో రెండూ కలిసిపోయి, ఎలుకలు ఇస్త్రీ చేశాయని అనబోతుండగా నర్సు నుదురు కొట్టుకుంది.

"అయ్యో, నా మతి మండా! మీరు చేసిందే కరెక్టు మాస్టారూ!"

"ఆఁ?"

"నేను వేషం కట్టిన ఈ రకం తెల్లకణమే కదా మన ఒంట్లో పెద్ద. రోగం వస్తే మిగతా కణాలన్నిటినీ లేపి పోరుకి పంపేది ఇదే. ఈ వైరస్‌గాడొచ్చి నేరుగా ఈ పెద్దనే పట్టుకుంటాడు. వాడికి సొంత మిషనుండదు. దీన్లో దూరి, దీని మిషను మీదే తనలాంటివాళ్ళని వందలకొద్దీ కుట్టించుకుంటాడు. పోతూ పోతూ దీని పైపొరనే ఇంత తెంపి ఒంటికి చుట్టుకుపోతాడు. అంటే వైరస్ కోటు తెల్లకణం గుడ్డలోంచే రావాలి! ఎర్రగుడ్డ ఇచ్చి నేనే తప్పు చేశాను."

"ఓర్నాయనో, నేనింత దుర్మార్గుణ్ణా?" డ్రైవర్ నోరెళ్ళబెట్టాడు. "మరి నా ఆట కట్టేదెవరక్కా?"

"మాత్రలు. రోజూ తప్పకుండా వేసుకుంటే నీ కుట్టుపని బంద్. మా తెల్లకణాల పెద్దలు మళ్ళీ లేచి కూర్చుంటారు. చివరి సీను అదే కదా, రిహార్సల్లో నిద్రపోయావా?"

ఈలోగా మాస్టారు నాలుగంగుళాలు పొడుగయ్యాడు.

"గుడ్డ చేతికివ్వగానే అనుకున్నా సిస్టర్, ఎరుపేంటి, సైన్సుకి విరుద్ధం కదా అని. మీరు నొచ్చుకుంటారని నోరెత్తలేదు."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"చదువుతుంటా లెండి. సూదిలో దారం ఎక్కించే గ్యాపులో."

నర్సు కళ్ళు మెరిశాయి. "యూనిఫాంలు మీకే మాస్టారూ! సాయంత్రం స్టేజీ ఎక్కి ఈ కోటు సంగతి జనానికి మీరే చెప్పాలి."

"దానికేం భాగ్యం! మైకు కూడా అక్కర్లేదు."

అంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది. మాస్టారి భార్య కొత్త ఎర్రగౌనులో గిర్రున ఒక చుట్టు తిరిగి నిలబడింది.

"ఏవండీ, నాటకానికి ఇదే వేసుకొస్తున్నా. పాపం, పెళ్ళిరోజని షాపులన్నీ తిరిగి తెచ్చారు కదా ఈ గుడ్డ!"

నర్సు ఆ ఎరుపు చూసింది. డ్రైవర్ చూశాడు. మాస్టారు మాత్రం ఎటూ చూడకుండా, దొరికిపోయినవాడు కత్తి కింద పెట్టినట్టు, మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"సైన్సు నాకేం తెలీదు సిస్టర్. నేనూ ఆ వైరస్సూ ఒకే బళ్ళో చదువుకున్నాం, అంతే."